అరుదైన నాణేలు డీలర్ల బీరువాల్లోనే ఉన్నాయా?

“ఇది చాలా రేర్ సార్, నా దగ్గర ఒక్కటే ఉంది” అన్న మాట నమ్మి ఒకాయన నాణెం కొంటాడు. తర్వాత వచ్చిన ప్రదర్శనలో అదే నాణెం నాలుగు బల్లల మీద కనిపిస్తే ఆయనకు అనుమానం రాకుండా ఉండదు. రేర్ అన్నది వట్టి మాటేనా? సరుకంతా డీలర్లే మూటలు కట్టుకుని కొద్దికొద్దిగా వదులుతున్నారా? చెన్నైలో నాణేలు సేకరించే తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట తప్పకుండా వస్తుంది.

కొన్ని రకాల్లో ఆ అనుమానం నిజమే, మూటలున్నాయి. కొన్ని రకాల్లో అలా దాచడానికి వీలే లేదు. ఏది ఏ రకమో తెలియాలంటే డీలరు మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ అక్కర్లేదు. అతని వడ్డీ లెక్క చూస్తే చాలు.

పదివేలు పెట్టి ఒక పాత నాణెం కొన్నాడనుకుందాం. ఆ డబ్బుకు ఏడాదికి 12 శాతం వడ్డీ వేసుకుంటే, ఐదేళ్లు బీరువాలో ఉంచేసరికి ఆ నాణెం అతనికి 17,600 దాటి పడుతుంది. కొట్టు అద్దె, ప్రదర్శనలో బల్ల ఖర్చు వేరే. ఆ ఐదేళ్లలో ధర అంత పెరుగుతుందని భరోసా లేదు. పైగా ఆ నాణెం కొనే వాళ్లు ఊరికి పది మంది కూడా ఉండరు. వాళ్లలో ఇద్దరు సేకరణ మానేస్తే ధర ఎక్కడికి పడుతుందో చెప్పలేం. అందుకే ఖరీదైన నాణేన్ని ఏ డీలరూ ఎక్కువ కాలం పట్టుకుని కూర్చోడు, వచ్చిన లాభానికి అమ్మేసి డబ్బు తిప్పుకుంటాడు.

అదే పదివేలకు కొత్త 5 రూపాయల స్మారక నాణేలు రెండువేలు తెచ్చుకున్నాడనుకోండి. ధర పెరిగితే ఒక్కోటి ఇరవైకో ముప్ఫైకో అమ్ముతాడు. పెరక్కపోతే బ్యాంకులో కట్టేస్తాడు, ఐదు రూపాయలు ఐదు రూపాయలుగానే చెల్లుతుంది. పోయేది వడ్డీ మాత్రమే. వెండి నాణేల సంగతీ అంతే, ఎవరూ కొనకపోయినా వెండి ధర ఎటూ వస్తుంది. ముఖవిలువో లోహం విలువో అండగా ఉన్న నాణేలే మూటల్లోకి వెళ్తాయి. అండ లేనివి చేతులు మారుతూ చివరికి సేకరించేవాళ్ల ఆల్బమ్‌లలో చేరతాయి. నిల్వల గురించి ఏ ప్రశ్న వచ్చినా ముందు చూడాల్సింది ఇదే.

మూటలు నిజంగా ఉన్నచోట

దీనికి ప్రసిద్ధ ఉదాహరణ అమెరికాలో ఉంది. 1950లో డెన్వర్ టంకశాల ఐదు సెంట్ల నికెల్ నాణేలు 26 లక్షల 30 వేలే ముద్రించింది. జెఫర్సన్ బొమ్మతో వచ్చిన నికెల్ నాణేల వరుసలో అన్నిటికన్నా తక్కువ సంఖ్య అదే. సంగతి తెలియగానే జనం, డీలర్లు పోటీపడి రోల్స్ కొనిపెట్టారు. ఒక్కో రోల్‌లో 40 నాణేలు, ముఖవిలువ రెండు డాలర్లు. 1964కల్లా రోల్ ధర వెయ్యి డాలర్లు దాటింది. ఆ తర్వాత అమ్మేవాళ్లు మిగిలారు గానీ కొనేవాళ్లు మిగల్లేదు, ధర కూలింది. విచిత్రమేమిటంటే ఆ నాణెం ఈనాటికీ కొత్తది సులువుగా దొరుకుతుంది, వాడి అరిగినదే తక్కువ. ముద్రించింది తక్కువే. కానీ ముద్రించినవాటిలో చాలావరకు దాచినవాళ్ల దగ్గర భద్రంగా ఉన్నాయి. ముద్రణ సంఖ్య చూసి రేర్ అనుకుని కొన్నవాళ్లు తప్పటడుగు వేసింది అక్కడే.

మన 2 రూపాయలు, 5 రూపాయలు, 10 రూపాయల స్మారక నాణేల్లో చాలావాటి కథా ఇదే. కొత్త నాణెం ఏ బ్యాంకుకు ముందు వస్తుందో కనిపెట్టినవాళ్లు ప్యాకెట్లకు ప్యాకెట్లు తీసేసుకుంటారు. బ్యాంకుల నుంచి నాణేలు వందేసి చొప్పున చిన్న ప్యాకెట్లలో వస్తాయి కాబట్టి దాచడమూ తేలికే. మొదటి నెలల్లో చిల్లరలో ఎక్కడా కనిపించదు గనుక రేర్ అన్న పేరు వస్తుంది. రెండేళ్లు గడిచాక అదే నాణెం ప్లాస్టిక్ కవర్లలో వందలకొద్దీ బల్లల మీదకు వస్తుంది. ఈ రకం నాణేలకు “డీలర్ల దగ్గరే ఉన్నాయి” అన్న మాట పూర్తిగా సరిపోతుంది.

ఇక్కడ టంకశాల గుర్తు ఒకటి గమనించాలి. ఏడాది అంకె కింద ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, నక్షత్రం ఉంటే హైదరాబాద్. ఒకే నాణెం ఒకే ఏడాది మూడు టంకశాలల్లో పుష్కలంగా వచ్చి, నాలుగోదాంట్లో తక్కువగా వచ్చి ఉండొచ్చు. అలాంటి తేడా నిజమైన అరుదుతనమే. కాకపోతే అది చిల్లరలోకి వెళ్లి అరిగిన నాణేలకే వర్తిస్తుంది, ప్యాకెట్ విప్పని వాటికి కాదు. కొత్త ప్యాకెట్‌లోంచి తీసి “హైదరాబాద్ గుర్తు, దొరకదు” అన్నారంటే ఆ ప్యాకెట్‌లో మిగతా తొంభైతొమ్మిదీ హైదరాబాద్‌వే.

టంకశాల నేరుగా అమ్మే వెండి స్మారక నాణేల లెక్క కాస్త వేరు. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం చెలామణీ కోసం చేసింది కాదు. హైదరాబాద్ మింట్‌లో తయారై, ముఖవిలువకు ఎన్నో రెట్ల ధరకు బుకింగ్ మీద అమ్ముడైంది. బరువు 35 గ్రాములు, వెండి సగం, అంటే 17.5 గ్రాములు. ఆ రోజు వెండి గ్రాము ధరను 17.5తో హెచ్చించి చూడండి, లోహం విలువ ఎంతో, అభిమానం ఖరీదు ఎంతో విడివిడిగా కనిపిస్తాయి. అభిమానంతో ఇంట్లో పెట్టుకోవాలని కొంటే ఆ తేడా గురించి దిగులు అక్కర్లేదు. పెట్టుబడి అనుకుని కొంటే మాత్రం ఆ తేడా అంతా కొనేవాడి భుజం మీదే ఉంటుంది. చెన్నైలో 2024 ఆగస్టులో విడుదలైన కరుణానిధి శతజయంతి నాణేనికీ ఇదే కొలత.

వెండి రూపాయిలు: కుప్పల్లోంచి మూసలోకి

బ్రిటిష్ వారి వెండి రూపాయి 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్లు వెండి. అంటే అసలు వెండి 10.69 గ్రాములు. 1940లో వెండిని సగానికి తగ్గించారు కాబట్టి అప్పటి నుంచి 1945 వరకు వచ్చిన రూపాయిల్లో 5.83 గ్రాములే ఉంటుంది. 1946 నుంచి నికెల్. 1947 నాటి పులి బొమ్మ రూపాయి కూడా నికెలే, వెండి అని చెప్పి అమ్మితే అక్కడే ఆగిపోవాలి. 1940లకు ముందు నాటి నిజాం చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, లెక్కకు 9.14 గ్రాములు.

విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి రూపాయిల్లో మామూలు ఏళ్లవి వెండి వ్యాపారుల దగ్గర, నాణేల డీలర్ల దగ్గర ఇప్పటికీ కుప్పలుగా తిరుగుతున్నాయి. చెన్నై సౌకార్‌పేట బజారు లాంటిచోట వాటికి పలికే ధర వెండి రేటు మీద కాస్త పైన మాత్రమే. వెండి రేటు ఎగబాకినప్పుడు అరిగినవి కరిగించేస్తారు. ఎన్ని కరిగాయో, ఏ ఏటివి కరిగాయో లెక్క రాసేవాళ్లెవరూ లేరు. ముద్రణ సంఖ్యల పట్టిక చూసి ధర కట్టడం వెండి నాణేల్లో అందుకే కుదరదు.

రెండు రూపాయిలను పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. 1911 రూపాయి మీద రాజు ధరించిన హారంలోని ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని ముస్లింలు అభ్యంతరం చెప్పారు. విడుదల కానివాటిని కరిగించి, మరుసటి ఏడాది బొమ్మ దిద్ది కొత్తవి వేశారు. దాన్నే ఇప్పటికీ పంది రూపాయి అంటారు. పుట్టగానే పేరుపడింది కాబట్టి దొరికినవాళ్లు దొరికినట్టు దాచుకున్నారు, ఈనాడు పేరున్న వేలాల్లో తరచూ కనిపిస్తుంది. 1939 రూపాయి సంగతి ఇందుకు తలకిందులు. ముద్రణ లెక్క లక్షల్లోనే ఉన్నా, వెంటనే యుద్ధం వచ్చింది, వెండి పాలు తగ్గింది, మంచి వెండి రూపాయిలను చెలామణీ నుంచి వెనక్కి రప్పించారు. దానికి 1911 లాంటి కథ లేదు, దాచినవాళ్లు లేరు. మిగిలినవి బహు కొద్ది. అవి డీలర్ల దగ్గర మూటల్లో లేవు, ఎవరి దగ్గరా మూటల్లో లేవు.

1939 రూపాయికి మంచి ధర పలుకుతుంది కాబట్టే 1938 రూపాయి మీది 8ని చెక్కి 9 చేస్తారు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చివరి అంకె చుట్టూ ఉన్న నేలను చూడాలి. పక్క అంకెల చుట్టూ ఉన్న నునుపు అక్కడ చెదిరి ఉంటే, లేదా 9 మందం 3 మందంతో సరిపోకపోతే, చెక్కినట్టే. కానీ చెక్కిన నాణెం కూడా అసలు వెండే కాబట్టి తూకం దీన్ని పట్టుకోలేదు. తూకం పట్టేది పోత పోసిన నకిలీలను.

ఆ పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా, ఒక గ్లాసు నీళ్లు, దారం చాలు. ముందు నాణెం పొడిగా తూచండి, కొద్దిగా అరిగినా 11.5 గ్రాములకు దగ్గరగా ఉండాలి. తర్వాత నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ అంచుకూ తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయండి. కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని ఘన సెంటీమీటర్లు నాణెం ఘనపరిమాణం. 91.7 శాతం వెండి రూపాయికి అది 1.13 దరిదాపుల్లో రావాలి. రాగి ఎక్కువైన లోహమైతే అదే బరువుకు 1.3 దాకా వెళ్తుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే అంకె ఎక్కువగా చూపిస్తుంది, నాణెం అడుగుకు తగిలితే అంకె గంతేస్తుంది. మూడుసార్లు చేసి, మూడూ దగ్గరగా ఉంటేనే నమ్మాలి.

డీలర్లూ కాదు, సేకర్తలూ కాదు: మూడో చోటు

నిల్వలన్నీ డీలర్లవే అనుకునేవాళ్లు ఒక సంగతి మరచిపోతారు. పెద్ద కుప్పలు చాలాసార్లు ప్రభుత్వ ఖజానాల్లోనో సముద్రం అడుగునో భూమిలోనో బయటపడ్డాయి. 1903లో న్యూ ఆర్లియన్స్‌లో ముద్రించిన అమెరికా వెండి డాలరును ఒకప్పుడు ఆ వరుసలోకెల్లా మేటి అరుదు అనుకున్నారు. కొత్తదానికి కేటలాగులు 1,500 డాలర్లు వేశాయి. 1962 చివర్లో అమెరికా ట్రెజరీ పాత సంచులు విప్పితే అవి వేలకొద్దీ బయటికొచ్చాయి. ధర పాతాళానికి పడింది. ముందురోజు అమ్మిన డీలరు మోసగాడేమీ కాదు, అతనికీ తెలియదు.

మద్రాసుకు సంబంధించిన ఉదాహరణ ఇంకా బాగుంటుంది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లాండులోని సోహో టంకశాలలో 1808 తేదీతో రాగి కాసులు వేయించింది. ఒకవైపు కంపెనీ చిహ్నం, రెండోవైపు పారశీక లిపి, దాని కింద పది, ఇరవై కాసుల విలువ రోమన్ అంకెల్లో. వాటిని పీపాలకెత్తి తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లాండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుకతిన్నెల మీద మునిగిపోయింది. 1980ల్లో గజఈతగాళ్లు అందులోంచి పది లక్షలకు పైగా కాసులు వెలికితీశారు. మద్రాసు బజారులో ఎన్నడూ చెల్లని ఆ కాసులు జ్ఞాపికలుగా అమ్ముడయ్యాయి.

దాంతో ఈనాడు 1808 కాసులు రెండు జాతులుగా ఉన్నాయి. దక్షిణాదిలో చేతులు మారినవి గుండ్రంగా, నున్నగా అరిగి, ముదురు గోధుమరంగులో ఉంటాయి. ఓడలోంచి వచ్చినవాటి మీద అంచులు, అక్షరాలు పదునుగా ఉంటాయి గానీ, కొన్నింటి ఒంటిమీద ఉప్పునీరు తిన్న చిన్న గుంతలు కనిపిస్తాయి. పదునుగా ఉన్న కాసు ఎక్కువ అరుదు అని చెప్పి ఎక్కువ అడిగితే, ఓడది అని గుర్తుచేయాలి. బాగా ఉన్నది కాబట్టి ఎక్కువ ఇవ్వడం సబబే, అరుదు కాబట్టి కాదు.

అదే ప్రెసిడెన్సీ వేసిన వెండి అర పగోడా, పావు పగోడా (పగోడా అంటే మన వరహా) మీద గుడి గోపురం, వెనుక విష్ణుమూర్తి, చుట్టూ తమిళంతో పాటు తెలుగు అక్షరాలు ఉంటాయి. తెలుగువాళ్లు ఒక్కసారైనా చేత్తో పట్టుకుని చూడాల్సిన నాణెం అది. దాన్ని అడ్డం పెట్టుకుని 1818 అర అణా అంటూ హనుమంతుడి బొమ్మతోనో రామపట్టాభిషేకంతోనో ఉన్న బిళ్లలను కంపెనీ నాణేలుగా అంటగడుతున్నారు. అలాంటి నాణెం కంపెనీ ఏనాడూ వేయలేదు. అవి పూజా బిళ్లలు, చాలావరకు ఈమధ్య చేసినవే.

ఒకటే నాణెం పది చోట్ల

నిజంగా అరుదైన నాణేలు కూడా డీలర్ల దగ్గర ఎక్కువగా ఉన్నట్టు ఎందుకు అనిపిస్తుంది? ముఖ్యమైన కారణం, సేకర్త దగ్గరున్నది కనిపించదు, డీలరు దగ్గరున్నదే కనిపిస్తుంది. ఆల్బమ్‌లో ముప్ఫై ఏళ్లు మూసిపెట్టి ఉన్న నాణేన్ని లెక్కపెట్టేవాళ్లు లేరు. ఆ తర్వాత, ఒక డీలరు తన నాణెం ఫొటోను మరో ఐదుగురికి పంపుతాడు, వాళ్లు తమ కస్టమర్లకు పంపుతారు, ఒక్క నాణెం ఆరుగురి దగ్గర ఉన్నట్టు అవుతుంది. వేలంలో అమ్ముడుపోనిది ఇంకో వేలానికి వెళ్తుంది, అమ్ముడైనది రెండేళ్లకు మళ్లీ వస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ఓపిక ఒక్కటే కావాలి. వేలం సంస్థల పాత కేటలాగులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మీకు కావలసిన నాణెం ఫొటోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేసుకోండి. సుత్తితో చేత్తో అచ్చుకొట్టిన పాత నాణేలైతే అక్షరాలు అంచు దగ్గర ఎక్కడ తెగాయో చూడాలి, యంత్రంతో వేసినవైతే రాజు చెంప మీది గీత, అంచు మీది దెబ్బ, మచ్చ ఆకారం చూడాలి. ఇరవై ఫొటోలు ఉన్నాయనుకున్నది పోల్చి చూస్తే ఏడు నాణేలుగా తేలడం మామూలే.

నాణెం స్థితికి గ్రేడు వేసి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇచ్చే గ్రేడింగ్ సంస్థల లెక్కలనూ ఇదే జాగ్రత్తతో చదవాలి. ఒకే నాణేన్ని ఎక్కువ గ్రేడు వస్తుందేమోనని డబ్బా పగలగొట్టి మళ్లీ పంపుతారు, అది రెండు నాణేలుగా లెక్కకెక్కుతుంది. ఇంకోవైపు, గ్రేడింగ్ ఫీజుకు తగని చౌక నాణేలను ఎవరూ పంపరు కాబట్టి, లక్షల్లో ఉన్న నాణెం కూడా ఆ లెక్కల్లో పదిగానే కనిపించొచ్చు. “ప్రపంచంలో మూడే ఉన్నాయి” అన్న చీటీ చాలాసార్లు ఈ రెండో రకమే.

కొనేముందు బల్ల దగ్గరే చేయగల పని ఒకటుంది. “ఇలాంటివి పది కావాలి, ఎంతకిస్తారు?” అని అడగండి. ధర తగ్గించి తెప్పిస్తానంటే మూట ఎక్కడో ఉంది. దొరకవంటే రెండో ప్రశ్న వేయండి: “ఇదే నాణెం, ఇదే స్థితిలో నేను తెస్తే మీరెంతకు తీసుకుంటారు?” నిజంగా దొరకని నాణేనికి డీలరు అమ్మకపు ధరలో ముప్పావు దాకా ఇవ్వడానికి వెనకాడడు, ఎందుకంటే కొనేవాడు అతని మనసులో ముందే ఉంటాడు. మూడో వంతు కూడా చెప్పలేకపోతే, లేదా “మేం కొనం, అమ్ముతాం అంతే” అంటే, ఆ అరుదుతనం చీటీ మీదే ఉంది. ఈ ప్రశ్న ముద్రణ లెక్కల కన్నా ఎక్కువ చెబుతుంది. కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ మొహమాటపడకుండా అడగాల్సిన ప్రశ్న ఇది.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5, 10 రూపాయల నాణేలకు లక్షలిస్తామని వచ్చే ప్రకటనలను ఈ చర్చలోకి తేవడమే బాధాకరం. కానీ వాటికి డబ్బు పోగొట్టుకున్నది ఎక్కువగా పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లు. ఆ నాణేలు 2012 అంకెతో మామూలు చెలామణీకి వచ్చినవే. వల పన్నే తీరు ఎప్పుడూ ఒకటే: ముందు ధర ఒప్పుకుంటారు, తర్వాత రిజిస్ట్రేషన్ అనీ, పన్ను అనీ, రిజర్వు బ్యాంకు కమీషన్ అనీ డబ్బు కట్టమంటారు. పాత నాణేల కొనుగోలు అమ్మకాలతో తమకు సంబంధం లేదనీ, ఎవరి దగ్గరా కమీషన్ అడగమనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. కొంటానన్నవాడు మన దగ్గరే డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయడం తప్ప మాట్లాడాల్సింది ఏమీ లేదు.

తాతగారి డబ్బా

డీలర్ల దగ్గరికి మంచి సరుకు ఒక్కసారిగా వచ్చే దారి ఒకటుంది, అది వారసులు. నలభై ఏళ్లు కూడబెట్టిన ఆయన పోయాక, పిల్లలు డబ్బా మొత్తం ఒకే మాటకు అమ్మేస్తారు. డీలరు ఇచ్చే ధర డబ్బాలోని మామూలు వెండికి సరిపోతుంది, రెండు మూడు అసలైన నాణేలు ఊరికే వెళ్లిపోతాయి. ఇలా జరగకుండా ఉండాలంటే అమ్మేముందు రెండు రోజులు కేటాయించాలి. చింతపండుతోనో విభూతితోనో తోమకూడదు. తోమిన నాణెం మెరిసినా, సేకర్త దాన్ని పాడైనదిగానే చూస్తాడు, ధర సగానికి పైగా పడిపోవచ్చు. రూపాయిలను ఏళ్ల ప్రకారం, టంకశాల గుర్తు ప్రకారం వేరు చేసి, ఒక్కోదాన్నీ తూచి రాసుకోవాలి. వెండి లెక్క పైన చెప్పినట్టు కట్టి కనీస ధర తేల్చుకోవాలి. తేదీ లేనివీ, లిపి తెలియనివీ, బంగారువీ విడిగా పెట్టి ఫొటోలు తీసి, కనీసం ఇద్దరు డీలర్లకూ ఒక వేలం సంస్థకూ వేర్వేరుగా చూపించాలి. వేలంలో డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది, కమీషన్ పోతుంది, కానీ నిజంగా అరుదైనదానికి పోటీ అక్కడే వస్తుంది. మామూలు వెండికి వేలం దండగ.

వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని విదేశాలకు పంపడం నేరం, వ్యాపారంగా అమ్మడానికి లైసెన్సు కావాలి. అందుకే కొనేటప్పుడు నాణెం వివరం, బరువు, ఫొటోతో బిల్లు తీసుకోవాలి. పునాది తవ్వుతుంటేనో పొలంలోనో దొరికిన కుండలోని నాణేలైతే 1878 నాటి నిధుల చట్టం కింద కలెక్టరుకు తెలపాల్సిందే. అలా వచ్చిన నాణేలను చూడాలంటే చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లాలి. అక్కడున్నవి ఎప్పటికీ అమ్మకానికి రావు, ఏ డీలరు లెక్కలోకీ రావు.